చేతికొచ్చింది పారెయ్యని కుప్పం

పొన్నమ్మ మొగుడు ఆర్ముగం చేతిలో పేకముక్కలు పట్టుకున్నాడంటే మదరాసు హార్బరు కాడ ఎంతటి షావుకారైనా జడుసుకునేవాడంట. ఆర్ముగందీ మన కుప్పమే. ఉప్పునీళ్ళ సరస్సు పొయ్యి సముద్రంలో కలిసే మొగ ఉంటది చూడు, ఆ మొగ పక్కన ఇసకలో ఇళ్ళేసుకున్న చేపలోళ్ళ కుప్పం. వయసులో మదరాసు పొయ్యి, ఆడ పడవల్లో మూటలు దించతా దించతా మూడు ముక్కలాట నేర్చుకున్నాడు. ఆ ఆట మీకు తెలుసు గదా? తెలవకపోతే మీ నాయన్ని అడగండి. మీ అమ్మ పక్కనుంటే తెలవదంటాడు గానీ తెలుసు. మనిషికి మూడు ముక్కలు పంచుతారు. ఎవురి ముక్కలు వాళ్ళు చూసుకుని పందెం వేస్తా, పెంచుకుంటా పోతారు. జడుసుకున్నోడు ముక్కలు కింద పడేసి తప్పుకుంటాడు, అంతవరకు వేసింది పోతాది. ఆఖరుదాకా నిలబడినోళ్ళు తిప్పి చూపిస్తారు, ఎవురివి పెద్దవైతే పందెమంతా వాడిది. అంతే ఆట. ఇప్పుడు ఆర్ముగం ఏం చేసేవాడంటే, చేతిలో ఏమీ లేకపోయినా మూడు రాజులు కొలువుదీరినట్టు మొహం పెట్టి, గుప్పెడు తీసి విసిరేవాడంట. అవతల షావుకారు నాలుగూ ఆలోచించేవాడు గదా, అమ్మో వీడికాడ ఏందో ఉండాది, పోతే పోయింది కొంచెమే అని పడేసేవాడు. అట్టా ఒట్టి చేత్తోనే గెలుచుకుంటా వచ్చినాడు అనుకో.

కొన్నాళ్ళకి ఇంటికొచ్చేసినాడు. వచ్చి చూస్తే మన కుప్పంలో కూడా పొద్దుపోకపోతే అదే ఆట. ఆడ డబ్బు యాడిది? ఆల్చిప్పలు పెట్టి ఆడేవాళ్ళు. దోసెడు చిప్పలకి ఒక వంతు. వంతంటే ఏందో మీకు తెలవాల, కథంతా దాంట్లోనే ఉండాది. మొగ కాడ వల కట్టే చోటు ఒక్కటే. అందరూ ఒకేసారి కడితే కొట్టుకు చస్తారని పెద్దోళ్ళు ఇంటికొక వంతు పెట్టినారు. వానలు మొదలయ్యే ముందర గంగమ్మ గుడి కాడ చీట్లు తీసి, ఈ రోజు ఈ ఇంటిది, రేపు ఆ ఇంటిది అని పంచేవాళ్ళు. వంతు లేనోడు మొగలో వల ముంచకూడదు. ఆకలికి చచ్చినా ముంచకూడదు. కట్టు అట్టాంటిది. ఆ వంతులే ఏడాది కూడు, పిల్లోళ్ళ గుడ్డ, జబ్బు చేస్తే మందు. ఆ వంతుల్ని చిప్పల కింద పెట్టి ఆడేవాళ్ళు మనోళ్ళు. పెద్దకాపు, అంటే కుప్పానికి పెద్ద, ఆయన ఆపాల్సిందిపోయి ఆయనా కూర్చునేవాడంట. ఆర్ముగం చూసి లోపల నవ్వుకున్నాడు. వీళ్ళకి ఆటే రాదు, ఏవొచ్చినా పట్టుకుని కూర్చుంటారు, వీళ్ళని ఊడ్చేస్తా చూడు మేయ్ అన్నాడంట పెళ్ళాంతో.

ఏమైందంటే, ఊడ్చాల్సిందిపోయి వాడే ఊడ్చుకుపోయినాడు. ఎందుకో చెప్తా. మన చేపలోళ్ళకి ఒక పట్టింపు ఉండాది. వలలో ఏది పడినా ఇంటికి తేవాల. చిన్నదైనా, ముళ్ళదైనా, ఎండ్రకాయ కాలైనా సరే. గంగమ్మ చేతిలో పెట్టిందాన్ని చీ అని పారేస్తే రేపు వల ఖాళీగా వస్తాదని భయం. ఆ పట్టింపుని మనోళ్ళు ముక్కల కాడికి కూడా తెచ్చుకున్నారు. చేతికొచ్చిన ముక్కల్ని కింద పడేసేది అంటే వాళ్ళకి పాపం. అసలు పడేసేవాడే లేడు! రెండు, అయిదు, తొమ్మిది వచ్చినా సరే ఆఖరుదాకా నిలబడతారు. ఆర్ముగం మూడు రాజుల మొహం పెట్టి గుప్పెడు విసిరినాడు. మదరాసైతే అందరూ పడేసేవాళ్ళు. ఈడ ఏకాంబరం అనే ముసలాయన, అమాయకుడు, పళ్ళు లేని నోరు తెరిచి, బాగా వేసినావు నాయనా అని తనూ గుప్పెడు వేసినాడు. పెద్దకాపు వేసినాడు. ఆ పక్కోడు వేసినాడు. తిప్పి చూస్తే ఆర్ముగం చేతిలో ఏముండాది, బూడిద. ముసలాయన చేతిలో రెండు నాలుగులు. రెండు నాలుగులు గెలిచినై! రేపు వాళ్ళకి బుద్ధొస్తాది, జడుసుకుంటారు అని మళ్ళా విసిరినాడు. మళ్ళా అందరూ వేసినారు. పెద్దది విసిరినాడు, ఇంకా సంతోషంగా వేసినారు. జడుపు తెలవనోడ్ని ఏం బెదిరిస్తావు నాయనా? అట్టా అట్టా వానలింకా కొన్నాళ్ళుండంగానే ఆ ఇంటి వంతులన్నీ పోయినై. ఒక్కటంటే ఒక్కటి మిగల్లా.

ఇంటికొచ్చి నులకమంచం మీద గోడ తట్టు తిరిగి పడుకున్నాడంట. పడుకుని ఒకటే తిట్లు. ఆట రానోళ్ళు, పడెయ్యాల్సిన ముక్కలతో నిలబడతారు, ఇట్టాంటోళ్ళతో ఎవుడాడతాడు అని. పొన్నమ్మ రాగిపిండి జాడీలో చెయ్యి పెట్టి అడుగు గోకతా ఉండాది. ఇద్దరు ఆడపిల్లలు గుమ్మంలో కూర్చోనుండారు. ఆమెకి ఏడుపొచ్చింది, వచ్చినా ఏడవలా. వాళ్ళని తిడతావేంది, వాళ్ళేం దాచిపెట్టినారా, మొదట్నుంచీ పడెయ్యం అనే గదా ఆడతా ఉండారు, నీకు తెలవదా అనింది. మడవచేప వల మీద నించి ఎగిరి దూకుతాది, దానికి పైన అడ్డం కట్టాల. రొయ్య అడుగున పోతాది, దానికి కింద దించాల. రొయ్యకి పైన వల కట్టి, పడలేదే అని రొయ్యని తిడితే ఎట్టా? షావుకార్లకి కట్టిన వల తెచ్చి ఈడ కట్టినావు నువ్వు అనింది.

పొన్నమ్మ మర్నాటి నించి ఎండుచేపల తట్ట పెట్టుకుని, మొగోళ్ళు ముక్కలాడే ఆటపాక పక్కన కూర్చునింది. అమ్మేది తక్కువ, చూసేది ఎక్కువ. చూసి చూసి, ఒకనాడు తట్ట పక్కన పెట్టి చాప మీద కొచ్చి కూర్చునింది. ఆడదానికి ఆటేంది అన్నారు మొగోళ్ళు. వంతు ఇంటిదా, మొగోడిదా అనింది ఆమె. ఇంటిదే, కాదనేదానికి లేదు. మరి నా మొగుడు మంచమెక్కినాడు, ఇంట్లో ఇంకెవురుండారు, నేనే గదా అనింది. చెవుల కమ్మలు పెద్దకాపు కాడ పెట్టి దోసెడు చిప్పలు తీసుకునింది. కూర్చున్నాక ఏం చేసిందో తెలుసునా? మొదటి ముక్కలు చూసుకునింది, చూసి కింద పడేసింది. అందరూ అమ్మమ్మో అన్నారు. మళ్ళా పంచినారు, మళ్ళా పడేసింది. గంగమ్మ ఇచ్చింది పారేస్తా ఉండావు, నీకు కళ్ళు పోతాయి అన్నాడంట పెద్దకాపు. పోతే పోనీ మామా, నా పిల్లోళ్ళ కడుపులు నిండితే చాలు, ఆ పాపం నా మీదే ఉండనీ అనింది. ఒక చిప్ప వేసేది, ముక్కలు బాగలేకపోతే ఆ ఒక్క చిప్పతోనే తప్పుకునేది. పొద్దంతా పడేస్తానే ఉండాది అనుకో. అట్టా కూర్చునేది మాటలు కాదు. పక్కనోళ్ళు నవ్వతా గెలస్తా ఓడతా ఉంటే, నీ చెయ్యి ఊరికే ఉండమంటే ఉంటదా? ఆమె ఉండింది.

ఒక జత రాజులొచ్చినై. అప్పుడేసింది పెద్దది. మదరాసోళ్ళు ఏం చేస్తారంటే, మంచి ముక్కలొస్తే దాస్తారు, కొంచెం కొంచెం వేసి అవతలోడ్ని లోపలికి లాగుతారు, లేకపోతే పారిపోతాడని. ఈడ పారిపోయేవాడెవుడు? దాచేదెందుకు? మంచివొస్తే మొహమాటం లేకుండా మొదట్నించే పెద్దది వేసేది. అందరూ వచ్చేవాళ్ళు. మూడు రాజులే రానక్కర్లేదు, ఓ మాదిరి జతున్నా వేసేది, ఎందుకంటే వాళ్ళు అంతకంటే చెత్తతో నిలబడతారని ఆమెకి తెలుసు. బెదిరింపు అనేది ఒక్కసారి కూడా చెయ్యలా. ఒక్కోసారి ముసలాయన అట్నే పట్టుకుని కూర్చోని, మూడు రెండులు కలిసొచ్చి ఆమె రాజుల జతని కొట్టేవాడు. ఆర్ముగమైతే చాప చించేసేవాడు. ఆమె, బాగొచ్చినై మామా అని చిప్పలు ఆయన ముందుకి జరిపేది. మనసులో మండదా? మండతాది. కానీ తిడితే ఆయన లేచిపోతాడు, లేకపోతే నేర్చుకుంటాడు. ఆ రెండూ ఆమెకి నష్టమే. అంత ఆలోచన ఉండాది ఆ ఆడమనిషికి. నెమ్మదిగా, తేమ గోడకెక్కినట్టు, వంతులు ఆమె కాడికి వచ్చేసినై. ముందర తన ఇంటివి. అక్కడ లేచిపోయుంటే కథ లేదు, నాకు చెప్పే పనీ లేదు. లేవలా. రేపు వాన తప్పితే, ఎల్లుండి మొగుడు మళ్ళా ఆడితే అని కూర్చునింది. పెద్దకాపువి వచ్చినై, పక్కోళ్ళవి వచ్చినై. ఆఖరికి అందరివీ వచ్చినై, ఏకాంబరం ముసలాయన కాడ ఒక్క వంతు తప్ప.

ఆ ఒక్క వంతు మీద ఆడినారు. పొన్నమ్మకి మూడు ఆసులొచ్చినై. జన్మలో ఒకసారి వస్తాయి అట్టాంటివి. ముసలాయన మొహం చూసింది. ఆయన ముక్కల్ని ఎండిన చేపల్ని పట్టుకున్నట్టు పట్టుకోనుండాడు, ఏమీ లేవని ఆ పట్టుకోవడంలోనే తెలస్తా ఉండాది. మామా, నేను మంచివొస్తేనే వేస్తా, నువ్వు చూస్తానే ఉండావు గదా ఇన్నాళ్ళూ, ఇప్పుడు వేస్తా ఉండా, పడెయ్యి మామా అనింది. ఆయన తలకాయ ఊపినాడు. తెలుసు మేయ్ పొన్నీ, నీకాడ ఉండాదని తెలుసు, నాకాడ లేదని తెలుసు అన్నాడు. మరి పడెయ్యి అనింది. నా చెయ్యి విప్పుకోదు పొన్నీ అన్నాడు. తెలిసీ వేసినాడు. ఉన్నదంతా వేసినాడు. ఆమె తిప్పింది. ఆయన ఆ మూడు ఆసుల్నీ వంగి చూసి, ఎంత ముచ్చటగా ఉండాయో అని, గోచీ దులుపుకుని లేచి పోయినాడంట.

వానలు పడినై. సరస్సు నిండి, మొగకి అడ్డమున్న ఇసక తెగింది. ఏకాంబరం వంతు రోజు వచ్చింది, ఇప్పుడది పొన్నమ్మ రోజు గదా. వల లాగేదానికి కూలోళ్ళు కావాల. తెల్లారి పొన్నమ్మ పొయ్యి చూస్తే, మోకు పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడిన కూలోడు ఏకాంబరమే. తన రోజున తనే కూలికొచ్చినాడు. ఆమెని చూసి, మంచి పోటుండాది తల్లీ, దించమంటావా అన్నాడు, ఇంతెత్తు గౌరవంగా. నిన్నటిదాకా మేయ్ పొన్నీ అని పిలిచినోడు. ఆమె ఒడ్డున ఇసకలో కూలబడిపోయింది. నీ వంతు నువ్వే తీసుకో మామా, నాకొద్దు అనింది. గంగమ్మ నీ చేతిలో పెట్టింది, నువ్వు పారేస్తే పారేయి, అది నీ అలవాటు, నేను ఒకరు పారేసింది ఏరుకునేవాడ్ని కాదు అన్నాడు ముసలాయన. కోపంగా అనలా. అందుకే ఇంకా తగిలింది. పోనీ ఇచ్చిందే అనుకో, ఆయన పుచ్చుకున్నాడే అనుకో, మళ్ళా సాయంత్రం ఆటపాకలో కూర్చుంటాడు, ఇంకెవుడో ఆమె ఆట చూసి నేర్చుకున్నోడు లాగేసుకుంటాడు. నేర్చుకోకుండా ఉంటారా? ఆమె అప్పుడు తెలుసుకునింది, తన పిల్లోళ్ళ నోటి కాడ కూడు లాగింది మొగుడి ఓటమి కాదు, వంతుని చాప మీద పెట్టడమే అని. ఇప్పుడు ఆ పని తనే చేసింది, ఊరంతటికీ చేసింది.

ఆ రోజు వల దించనియ్యలా. నేరుగా పెద్దకాపు ఇంటికి పోయింది. కుప్పం మొత్తాన్ని పిలవమనింది. మొగ ఇప్పుడు పూర్తిగా నాది, ఈ కాలమంతా ఒక్క రోజు కూడా మీది కాదు, అవునా అనింది. అవునన్నారు. అయితే వినండి, నేను వల కట్టను, కట్టనియ్యను. వంతుని ఆటలో పెట్టకూడదు, పెట్టినా చెల్లదు, ఏ ఇంటి వంతు ఆ ఇంటికే ఉండాల అని దురాయి వెయ్యండి. దురాయి అంటే పెద్దోళ్ళు దండోరా వేసి చెప్పే కట్టు, దాటితే వెలి. ఆ దురాయి పడిన రోజే నేను నీళ్ళలోకి దిగతా అనింది. మొగోళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వినారు. రొయ్య దిగే కాలం, ఎన్నాళ్ళుంటాది చూద్దాం అన్నారు. తాతల నాటి ఆటకి దురాయేంది, చూద్దాం అన్నారు. వాళ్ళకి తెలిసింది అదే గదా, చూద్దాం! ఇంటికొస్తే ఆర్ముగం మంచం మీద లేచి కూర్చోనుండాడు. నీకు మతిపోయిందా మేయ్, వాళ్ళు బెదిరింపుకి జడవరు, నేను మునిగింది అందుకే గదా అన్నాడు. నేను బెదిరించలా, నాకాడ ఉండాది, ఉన్నప్పుడే నేను వేసేది అనింది పొన్నమ్మ.

రొయ్య దిగింది. మొగలో నీళ్ళు ఉడికినట్టు రొయ్య దిగతా ఉండాది. ఒడ్డున నిలబడితే చిటచిటమని వినిపిస్తాది. ఆ శబ్దం చేపలోడి చెవికి ఎట్టుంటాదో మీకు చెప్పనక్కర్లేదు. కుప్పమంతా ఒడ్డున నిలబడి చూసింది. వల కట్టే గుంజలు ఒట్టిగా నిలబడి ఉండాయి, వాటి మధ్యలో నించి ఏడాది కూడు సముద్రంలోకి పోతా ఉండాది. వంతు లేదు, ఎవుడూ ముంచకూడదు. వంతున్న మనిషి ముంచదు. ఆమె గుంజల పక్కన కూర్చునింది, కదలదు. ఆమె చిన్నబిడ్డ ఆకలికి ఏడిస్తే గంజినీళ్ళు పోసింది, గంజి కూడా అయిపోతే చంకనేసుకుని అట్నే కూర్చునింది. ఆడోళ్ళు వచ్చి తిట్టినారు, మట్టి పోసినారు, నీ వంశం నాశనమైపోను అన్నారు. ఒకామె కాళ్ళ మీద పడింది. పొన్నమ్మ తనూ ఏడ్చింది, ఏడస్తానే కాదనింది. మొగోళ్ళు మాత్రం, పొన్నమ్మ ఇవాళ దిగొస్తాది, రేపు దిగొస్తాది అని నిలబడినారు. చేతిలో ఏమీ లేదని ఒక్కరికీ తెలవక కాదు. అలవాటు. నిలబడ్డం ఒక్కటే వచ్చు.

అట్టా రొయ్య పలచబడతా ఉండంగా ఒక పొద్దున ఏకాంబరం ముసలాయన పెద్దకాపు అరుగు కాడికి వచ్చినాడంట. మొగోళ్ళంతా ఆడనే ఉండారు. ముసలాయన మధ్యలో గొంతుక్కూర్చోని, రెండు చేతులూ గట్టిగా పిడికిలి పట్టి ముందుకు చాపినాడు. నాకాడ ఏమీ లేదురా అబ్బయ్యలారా, అన్నాడు. ఆయమ్మ కాడ ఉండాది. నేను చూసినా, కళ్ళారా చూసినా. ఇన్నేళ్ళు వచ్చినా ఒక్కసారి కూడా చెయ్యి విప్పలా నేను. నా కొడుకు ఊరుగాని ఊరికి కూలికి పోయిందీ అందుకే, నా ముసల్ది మందులేక పోయిందీ అందుకే. ఇప్పుడు పడేస్తా ఉండా, చూడండి, అన్నాడు. పిడికిళ్ళు విప్పి, అరచేతులు బోర్లించి ఇసకలో పెట్టినాడంట. పెట్టి, ఒళ్ళంతా కదిలిపోయేట్టు ఏడ్చినాడు. పెద్దకాపు చానాసేపు ఆ చేతుల్నే చూసినాడు. తర్వాత ఆయన కూడా వంగి అరచేతులు ఇసకలో పెట్టినాడు. పక్కోడు పెట్టినాడు. ఆ పక్కోడు పెట్టినాడు. మధ్యాహ్నానికి తప్పెట మోగింది, దురాయి పడింది.

సాయంత్రం వల దించినారు. మొదటి వల ఏకాంబరం ఇంటిదే, దురాయి ప్రకారం వంతు ఇంటికి చేరిపోయింది గదా, ఇంక బిచ్చమనేదానికి లేదు. పడింది అడుగున ఇంత, బుట్ట కూడా నిండలా. అసలు రొయ్య పోయింది. ఆ ఏడు కుప్పమంతా సగం కడుపుతో పడుకునింది, పొన్నమ్మ పిల్లోళ్ళతో సహా. పాట కట్టి ఆమెని పొగిడినారని చెప్తే మీరు నమ్ముతారు గానీ నేను చెప్పను. చచ్చేదాకా తిట్టినోళ్ళుండారు. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని పోతా ఉంటే మొహం తిప్పుకునేవాళ్ళంట. ఆమె మళ్ళా ముక్క ముట్టుకోలా.

ఆట పోయిందా అంటే యాడికి పోతాది? ఇప్పుడూ ఆడతారు, ఒట్టి చిప్పలకి. అదో, ఆ మూలన కూర్చోని పళ్ళికిలిస్తా ఉండాడే గోవిందు, వాడ్ని అడగండి. నిన్న రెండు, అయిదు, తొమ్మిది పట్టుకుని ఆఖరుదాకా కూర్చున్నాడు, దోసెళ్ళకి దోసెళ్ళు పోసినాడు. ఏరా, పడెయ్యకూడదా అంటే, చేతికొచ్చినాక ఎట్టా పడేస్తాం పెద్దాయనా అంటాడు. మేము మారలేదు నాయనా, మారేవాళ్ళం కాదు. మాకు బుద్ధొస్తాదని పొన్నమ్మ కాసుకోని కూర్చోలా, బుద్ధి రాకపోయినా కూడు పోకుండా కట్టు కట్టి పోయింది. అందుకే ఈ గోవిందు నిన్న అన్ని చిప్పలు పోగొట్టుకుని కూడా, ఈ పొద్దున తన వంతుకి తన వల తనే లాగినాడు.